బెజ్జం లేని బుష్షు

1938 నవంబరు 10, గురువారం. సాయంత్రం నాలుగున్నర. ఏలూరు, మా ఇంటి వెనక వసారా.
ఉన్నవారు: నాన్నగారు, అమ్మ, అక్క, బావగారు, నేను.
తెచ్చినది: గోనెసంచిలో చుట్టిన కనెక్టింగ్ రాడ్డు ఒకటి, దాని పిన్నుతో.

ఆ ఏటి డైరీలో ఆ తేదీ పుట ఇలా మొదలవుతుంది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. సిరా ఎర్రబారింది. పుట మధ్యలో పెన్సిలుతో వేసిన చిన్న బొమ్మ, దాని మీద నూనె మరక. ఆ మరక మా నాన్నగారి బొటనవేలిది. అది పడింది మాత్రం గురువారం కాదు, ఆ తరువాత వచ్చిన ఆదివారం. ఈ మధ్యలో మా బావగారి పని పోబోయింది. అందుకు సగం కారణం నేను.

నాన్నగారు కుర్రతనంలో క్రైస్తవ మిషను వారి పనిబడిలో లేతు పని నేర్చుకున్నారు. ఆ బడికి కొత్త లేతు వచ్చినప్పుడు పాతదాన్ని ఆయనే కొనుక్కుని రెండెడ్ల బండి మీద ఇంటికి తెచ్చుకున్నారు. వెనక వసారాలో ఒక పక్క అమ్మ రోలు, తిరగలి. రెండో పక్క లోహాన్ని తిప్పుతూ తరిగే ఈ లేతు. మా వీధికి అప్పటికి కరెంటు లేదు. లేతుకు నాలుగు గజాల దూరంలో రెండు గుంజలు పాతి, వాటి మధ్య పాత బండి చక్రం ఒకటి నిలబెట్టి, దాని మీదుగా లేతుకు తోలుపట్టా వేశారు. ఒకరు పిడి పట్టుకుని చక్రం తిప్పుతూ ఉంటే, నాన్నగారు లేతు దగ్గర నిలబడి పని చేసేవారు.

చక్రం తిప్పేది అక్క. నేను తిప్పితే నాన్నగారు రెండు నిమిషాల్లో పని ఆపేసేవారు. నా తిప్పుడులో ప్రతి చుట్టుకూ ఒకచోట విసురు, ఒకచోట నీరసం. లోహం మీద అది మెట్లు మెట్లుగా తేలిపోయేది. అక్కకు చిన్నతనం నుంచి తిరగలి అలవాటు. పెసలు విసిరినా నూక విసిరినా ఒకటే నడక. పెళ్ళయి రెండు వీధుల అవతలికి కాపురం వెళ్ళాక కూడా, సన్నపని వచ్చినప్పుడల్లా నాన్నగారు కబురు పెట్టేవారు. అక్క కొంగు నడుముకు చుట్టుకుని వచ్చేది.

గన్‌మెటల్ అనే కంచు రకాన్ని తరుగుతున్నప్పుడు పొట్టు బంగారు రంగులో రాలేది. అది కోళ్ళ రెక్కల్లో దొరికేది, ఆరబెట్టిన బట్టల మడతల్లో దొరికేది. ఒకసారి అమ్మ బియ్యం చెరుగుతుంటే చాటలోనూ దొరికింది. కూతురికి ఇంత బంగారం ఉందని తెలిసి ఉంటే సంబంధం ఇంకా ముందే ఒప్పుకునేవాడినని బావగారు అనేవారు. వేడెక్కిన ఆముదం, తోలుపట్టా, తడి మట్టినేల కలిసిన ఆ వాసన ఇప్పుడు ఏ కార్ఖానాలోనూ లేదు. ఉంటుందేమోనని నేను కొన్నిటిలోకి వెళ్ళి చూశాను కూడా.

బావగారు తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు కామందు దగ్గర లారీ తోలేవారు. అంతకుముందు అదే మిల్లులో ఆయిలింజను చూసేవారు. కామందు ఆ వేసవిలో రేవు పట్నం నుంచి ఒక డీజిలు లారీని, అప్పటికే ఒకరు వాడినదాన్ని, కొని తెచ్చారు. మా వైపు రోడ్ల మీద ఉన్న బస్సులూ లారీలూ అన్నీ పెట్రోలువి. డీజిలు బండి అదొక్కటే. మిల్లు ఇంజను తెలిసినవాడు కదా అని దాన్ని బావగారి చేతికి ఇచ్చారు. గూడెం నుంచి ఏలూరుకు బియ్యం బస్తాలు, తిరుగు ప్రయాణంలో ఏది దొరికితే అది. బండి వస్తుంటే అర మైలు దూరం నుంచే మా ఇంట్లో గిన్నెలు కదిలేవి. మా ఇల్లు ట్రంకు రోడ్డు పక్కనే.

అక్టోబరు చివర ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది. బావగారు విప్పి చూస్తే, మూడో పిస్టను పిన్ను దగ్గర బుష్షు అరిగిపోయి ఉంది. కొత్తది మద్రాసులో దొరకలేదు. ఇంగ్లీషు సీమ నుంచి ఓడలో రావాలన్నారు, ఎన్ని నెలలో చెప్పలేమన్నారు. సార్వా వరి కోతలు దగ్గరకొచ్చాయి. కామందు కోప్పడే మనిషి కాదు. నూనె చూసుకోకుండా తోలితే ఏ బండయినా అరుస్తుంది గదండీ అని మాత్రం అన్నారట, అదీ నలుగురిలో. బావగారు రోజూ పొద్దున్నే నూనె పుల్ల ముంచి చూసుకోనిదే బండి కదిపే మనిషి కాదు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. మా మావగారి చేత ఇంట్లో చేయించి తెస్తానండీ అని చెప్పి, రాడ్డు, పిన్ను విప్పి సంచిలో చుట్టుకుని రైలెక్కారు.

ఇక్కడ బుష్షు అంటే ఏమిటో చెప్పాలి. పిస్టనును కిందనున్న ఇరుసుకు కలిపే ఈ రాడ్డు పై చివర గుండ్రని కన్ను ఉంటుంది. అందులో బిగించిన పొట్టి గొట్టమే బుష్షు. పిస్టను పిన్ను అందులో అటూ ఇటూ ఊగుతుంది. రాడ్డు నెత్తి మీద చిన్న బెజ్జం. ఇంజనులో చిమ్మే నూనె ఆ బెజ్జంలో పడి, దాని కిందనే బుష్షుకున్న బెజ్జంలోంచి దిగి, పిన్నును తడపాలి. ఇంత తెలిస్తే చాలు.

పాత బుష్షును వైసులో పెట్టి బయటికి నొక్కే ముందు, ఏది ఎలా ఉందో బొమ్మ వేసుకోమని నాన్నగారు నాకు చెప్పారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కాలువల ఆఫీసులో గుమస్తాని. కొల్లేటి నీటిమట్టం కొలతలు పడవల వాళ్ళు తెచ్చి ఇస్తే రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కొలత మరీ అసంభవంగా కనిపించి, నేనే దాన్ని సరిచేసి రాశాను. పెద్ద గుమస్తాగారు రిజిస్టరు నా ముందు పడేసి, వచ్చింది వచ్చినట్టు రాయండి, ఆలోచించడానికి పైన వేరే వాళ్ళున్నారు అన్నారు. ఆ పాఠం నాకు బాగా పట్టింది. బొమ్మ పక్కన నేను రాసిన మాటలు ఇవి: "రాడ్డు నెత్తి బెజ్జం, లోపల మూసుకుని ఉంది. బుష్షు బెజ్జం, కింద, ఎడమ పక్కకు."

రాసి డైరీ మూసేశాను.

శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టాను. అక్క చక్రం దగ్గర నిలబడింది. పాత పంపు ఒకటి విరిగితే దాచిన గన్‌మెటల్ కడ్డీ నాన్నగారు చక్‌లో బిగించారు. అరిగిన బుష్షును కొలిచి అదే కొలతకు కొత్తది చేస్తే అరుగుదల కూడా నకలు దిగుతుందని, పిన్నును అరగని చివర కొలిచారు. లోపల తరుగుతూ, మధ్య మధ్య ఆపి పిన్ను దూర్చి చూసేవారు. ఎంత బిగువుండాలండీ అని బావగారు అడిగితే ఆయన తలెత్తకుండానే చెప్పారు.

"అత్తారింటికి అల్లుడు వచ్చినట్టుండాలండీ. బతిమాలితే రావాలి. దానంతట అది జారిపోకూడదు."

"నేను పిలవకుండానే వచ్చానండీ మావయ్యగారూ. వదులేమో చూసుకోండి."

"వదులైతే మా అమ్మాయి చెప్పేది."

అక్క నవ్వింది గానీ చక్రం నడక మారలేదు. వంటింట్లోంచి అమ్మ, మాటలతో కాలం పుచ్చకుండా పని కానివ్వండి, అల్లుడుగారు ఇంకా భోజనం చేయలేదు అంది.

మధ్యాహ్నం మూడింటికి బుష్షు తయారైంది. బెజ్జం ఎక్కడ వేయాలో నాన్నగారు నన్ను అడిగారు. అప్పటికే ఆయనకు దగ్గర చూపు తగ్గింది, పాత బుష్షు అరిగి రెండు ముక్కలై సంచిలో ఉంది. నేను డైరీ తెరిచి చదివాను.

"చూసే చెబుతున్నావా?"

"రాసుకున్నానండీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. రాసి ఉన్న మాట అంటే ఆయనకు అంత నమ్మకం. కిందికి, ఎడమ పక్కకు వచ్చేలా గుర్తు పెట్టి బెజ్జం వేశారు. నేనే దాన్ని బొమ్మ ప్రకారం రాడ్డులోకి నొక్కాను. నెత్తి బెజ్జంలోంచి చూస్తే లోపల లోహం మెరుస్తోంది. బొమ్మలోనూ అలాగే ఉంది. సరిగ్గా కుదిరిందని సంతోషించాను.

శనివారం ఉదయం గూడెం మిల్లు ఆవరణలో ఇంజను బిగించారు. నేనూ వెళ్ళాను. చప్పుడు లేదు. కామందు వరండాలో నిలబడి విని, బాగుందండీ అన్నారు. బస్తాలు ఎత్తించి పదకొండింటికి బయలుదేరాం. బావగారు దారంతా ఈల వేశారు. భీమడోలు దాటి రెండు మైళ్ళు వెళ్ళామో లేదో, ఇంజను మూలిగి, నీలం పొగ వదిలి ఆగిపోయింది. తిరగదు. కొత్త బుష్షు పిన్నును కరిచి పట్టేసింది.

బావగారు దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నారు. కొల్లేటి గ్రామాల నుంచి చేపల కావిళ్ళతో స్టేషనుకు పోతున్నవాళ్ళు కొందరు మా దగ్గర ఆగారు. అందులో ఒక పెద్దాయన కావిడి దించి, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మేత వేశారా అండీ దీనికి?"

"వేశామండీ," అన్నారు బావగారు.

"మరి నీళ్ళు చూపించి ఉండరు. మా పడవ నయమండీ బాబూ, అలిగినా తేలుతుంది."

మిగతావాళ్ళు నవ్వారు. అయినా వాళ్ళే బండిని రోడ్డు పక్కకు నెట్టి పెట్టారు. ఆ పెద్దాయన వెళ్ళేటప్పుడు తామరాకులో రెండు కొరమీనులు చుట్టి నా ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

కబురు అంది కామందు సాయంత్రానికి భీమడోలులో రైలు దిగి జట్కాలో వచ్చారు. బండిని గూడెం లాగించడానికి అక్కడే మాట్లాడిన నాలుగు జతల ఎడ్లు వెనకాలే వచ్చాయి. ఆయన బావగారి పక్కన నిలబడి, గొంతు పెంచకుండా చెప్పారు.

"తప్పు మీదని అనట్లేదండీ. ఈ బండి మీ చేతికి కలిసిరాలేదు, అంతే. బెజవాడ ఆయన ఒకరు మంగళవారం సాయంత్రం ఈ బండి తోలడానికి వస్తారు. మీరు మళ్ళీ మిల్లు ఇంజను చూసుకోండి."

అంత మర్యాదగా చెప్పిన మాటకు బదులు చెప్పడం కష్టం. రెండు బుష్షులు కాల్చిన డ్రైవరు అని ట్రంకు రోడ్డు పొడవునా పేరు పడితే, ఇంకెవరూ ఆయన చేతికి బండి ఇవ్వరు. అది నాకూ తెలుసు. నేను భీమడోలులో రైలెక్కి ఇంటికి వచ్చి చెప్పాను. అక్క కొరమీనులు తోముతూ వింది. ఒక్క మాటే అడిగింది: "ఆయన ఏమన్నారు?" ఏమీ అనలేదని చెప్పాను. "అయితే బాగా తగిలింది," అంది.

మర్నాడు ఆదివారం. మా ఇంట్లో ఆదివారం పనిముట్టు ముట్టేవారు కాదు. లేతు మీద శనివారమే దుప్పటి కప్పేసేవారు. ఆరాధన నుంచి వచ్చి, భోజనం చేసి, నాన్నగారు వసారాలో కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఊరుకోవడం లేదు. కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తున్నారు. ఏదైనా పని చేసుకునే వీలుంటే ఆయన దాని మీదే పడేవారు, నా డైరీ అడిగేవారు కారు. చేయడానికేమీ లేక అడిగారు.

కళ్ళజోడు తుడుచుకుని, గురువారం పుట తీసి, బొటనవేలు బొమ్మ మీద పెట్టుకుని చదివారు. శనివారం ఎంత కడుక్కున్నా ఆయన గోళ్ళ సందుల్లో నూనె పోయేది కాదు. చాలాసేపు వేలు తీయలేదు.

"నెత్తి బెజ్జం మూసుకుని ఉందని రాశావు."

"అవునండీ. అలాగే ఉంది."

"అలా ఎందుకుందని అడగలేదేం?"

అప్పుడు ఆయన మెల్లగా విడమరిచి చెప్పారు. బండి మన వైపు రాకముందే ఎవరో ఆ ఇంజను విప్పారు. విప్పి, బుష్షును తిప్పి బిగించారు. నూనె దిగాల్సిన దారి మూసేశారు. అయినా ఆ పాతది వదులుగా ఉండటం వల్ల పక్కల నుంచి కొంచెం నూనె దూరి, అరుగుతూ అరుగుతూ నెలలు లాక్కొచ్చింది. మనం చేసింది బిగువుగా ఉంది. పక్కల నుంచి దూరడానికి సందు లేదు, పైనుంచి దారి లేదు. ఇరవై మైళ్ళకే కరిచింది. అరుగుదల నకలు దిగకూడదని కొలతల దగ్గర అంత జాగ్రత్త పడ్డాం, తప్పును మాత్రం ఉన్నదున్నట్టు నకలు దించాం.

దించింది నేను. ఆయన మాత్రం "దించాం" అనే అన్నారు.

నాలుగింటికి బావగారు రాడ్డు సంచితో వచ్చారు. నాన్నగారు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి, సంచి విప్పమని, రాడ్డు వెలుగుకు తిప్పమని చెప్పారు. ముట్టుకోలేదు. నెత్తి బెజ్జంలో నల్లగా కాలిన లోహం కనిపించింది. బావగారికి సంగతి చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను. ఆయన రాడ్డును ఇంకోసారి వెలుగుకు తిప్పి నెత్తి బెజ్జంలోకి చూశారు.

"అయితే నేను నూనె చూడలేదన్న మాట అబద్ధమే గదండీ?" అని నాన్నగారినే అడిగారు.

"అబద్ధమేనండీ. మీరు పోసిన నూనె పోసినట్టే ఉంది. దానికి దారి లేదు."

బావగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. నా వైపు తిరిగి, "బావమరిదీ, మా పెళ్ళి తేదీ అయినా సరిగ్గా రాశావా?" అన్నారు. అక్క నవ్వితే నాకు ఊపిరి ఆడింది.

సోమవారం ఉదయం దుప్పటి తీసేసరికి ఇంకో చిక్కు. గన్‌మెటల్ లేదు. మొన్న కోసింది పోగా కడ్డీ మొదలు ఒకటి, మచ్చు చూడటానికి కోసిన ముక్క ఒకటి మిగిలాయి. బుష్షుకు ఒకటిన్నర అంగుళం కావాలి. ఈ రెండూ చెరో అర అంగుళం మీద కాస్త. నాన్నగారు రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, కొంచెం ఎడం జరిపి, మళ్ళీ దగ్గరికి జరిపి, మళ్ళీ ఎడం జరిపారు. తరువాత అక్కను పిలిచారు.

ఒక బుష్షుకు బదులు రెండు ఉంగరాలు చేశారు. రాడ్డు కంటిలో అటు పక్క నుంచి ఒకటి, ఇటు పక్క నుంచి ఒకటి నొక్కించారు. మధ్యలో పావు అంగుళం సందు. ఆ సందు సరిగ్గా నెత్తి బెజ్జం కిందికి వచ్చింది. పైనుంచి పడిన నూనె ఆ సందులోకి దిగి పిన్ను చుట్టూ తిరుగుతుంది. బుష్షుకు అసలు బెజ్జమే అక్కర్లేదు, ఎలా తిప్పి బిగించినా ఒకటే. రెండు పొట్టి ఉంగరాలు అంత మోత తట్టుకుంటాయా అని బావగారు అడిగారు. తట్టుకోవాలి అన్నారు నాన్నగారు. అంతకన్నా ధైర్యం ఆయన చెప్పలేదు. అక్క ఆ రోజు నాలుగు గంటలు చక్రం తిప్పింది. మధ్యలో అమ్మ తిప్పుతానంటే పిడి వదల్లేదు. అరచేతులు బొబ్బలెక్కితే వెన్న రాసుకుంది.

"ఈసారి రాసుకోవడానికి బెజ్జం లేదు," అన్నారు నాన్నగారు నాతో. కొంచెం నవ్వారు.

మంగళవారం ఆయనా నేనూ బావగారూ గూడెం వెళ్ళాం. ఆ డైరీ కూడా తెమ్మన్నారు. కామందు వరండాలో కూర్చుని ఉన్నారు. నాన్నగారు గురువారం పుట తీసి ఆయన ముందు పెట్టి, కాలిపోయిన బుష్షు పక్కన పెట్టి, జరిగింది చెప్పారు. ఆయన పుటను రెండుసార్లు చదువుకుని నన్ను అడిగారు.

"మీరు రాసింది తప్పా, ఒప్పా?"

"రాసింది ఒప్పేనండీ. రాసి ఊరుకోవడం తప్పు."

ఆయన డైరీ మూసి నా చేతికి ఇచ్చారు. రేవులో కొన్నప్పుడు, ఇంజను ఈమధ్యే విప్పి బాగు చేయించామని అమ్మినవాళ్ళు చెప్పిన సంగతి అప్పుడు గుర్తుకు తెచ్చుకున్నారు. అది మంచి గుణం అనుకుని కొన్నారట. బావగారి వైపు చూసి, "నలుగురిలో అన్నాను. నలుగురిలోనే చెబుతానండీ," అన్నారు. మిల్లు మేస్త్రీని, హమాలీలను పిలిచి, డ్రైవరుగారి తప్పు లేదని చెప్పారు. హమాలీలకు ఏ తప్పో, ఎందుకు పిలిచారో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బావగారు తల వంచుకుని నేల చూస్తున్నారు.

సాయంత్రానికి ఇంజను బిగించి గంటసేపు ఊరికే తిప్పి చూశారు. వేడెక్కలేదు. కానీ శనివారం కూడా మిల్లు ఆవరణలో బాగానే ఉంది. బస్తాలతో రోడ్డు మీదికి వెళితే గానీ తెలియదు. చీకటి పడే వేళకు బెజవాడ డ్రైవరు పెట్టెతో దిగాడు. కామందు ఆయన చేత కాఫీ తాగించి, రాత్రికి ఉండమన్నారు. పొద్దున్న మా డ్రైవరుగారు లోడుతో ఏలూరు వెళతారు, మిమ్మల్ని అక్కడ రైలెక్కిస్తారు, దారిలో ఆగిపోతే మాత్రం బండి మీరే తీసుకోండి అన్నారు. నాన్నగారూ నేనూ రాత్రి రైలుకు ఇంటికి వచ్చేశాం. బయలుదేరే ముందే, లారీ ఏలూరు వస్తే ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగమని, టిఫిను తయారుగా ఉంచుతుందని అక్క పంపిన మాట బావగారికి చెప్పాను. సరేనన్నారు.

మర్నాడు, 16వ తేదీ, బుధవారం. అక్క తెల్లవారకముందే వచ్చి ఇడ్లీలు వేసింది. ఏడున్నర నుంచి గుమ్మంలో టిఫిను క్యారియరు పట్టుకుని నిలబడింది. ఎనిమిది కొట్టింది. ఎనిమిదింబావు. నాన్నగారు కుర్చీలో కూర్చుని తూర్పు వైపు చెవి ఒగ్గి ఉన్నారు. ఎనిమిదిన్నర దాటుతుండగా వంటింట్లో గిన్నెలు కదిలాయి. తరువాత బండి కనిపించింది. నిండా బస్తాలు. స్టీరింగు దగ్గర బావగారు, పక్కన పెట్టె ఒళ్ళో పెట్టుకుని బెజవాడ ఆయన. బావగారు హారను రెండుసార్లు కొట్టి, చెయ్యి ఊపి, అదే వేగంతో స్టేషను వైపు వెళ్ళిపోయారు.

అక్క క్యారియరు గుమ్మం మీద పెట్టింది.

"ఆగమని చెప్పి పంపాను గదండీ నాన్నగారూ. చేతులు బొబ్బలెక్కేలా తిప్పితే, ఒక్క నిమిషం ఆగకూడదా?"

"ఆగకూడదనే గదమ్మా తిప్పావు," అన్నారు నాన్నగారు.

ఇడ్లీలు మేమే తిన్నాం. ఆఫీసుకు వెళ్ళే ముందు డైరీ తీసి రాశాను: ఎనిమిది ముప్పై రెండు. బండి ఆగలేదు. ఆగకపోవడానికి కారణం కూడా, ఈసారి, కింద రాశాను.